మార్చి అగ్రిమెంట్లు: సంతకానికి ముందు ఖాళీ గడులు చూసుకోండి

ఫిబ్రవరి దాటిందంటే ఇంజినీరింగ్ ఆఫీసుల్లో హడావిడి మొదలవుతుంది. మార్చి 31 లోపు ఖర్చు పెట్టకపోతే నిధులు మురిగిపోతాయన్న భయంతో టెండర్లు వరసపెట్టి వస్తాయి. రాత్రి తొమ్మిదింటికి కూడా అగ్రిమెంట్లు టైపవుతూనే ఉంటాయి. కాంట్రాక్టరు వరండాలో నిలబడి ఉంటాడు. "అన్నీ స్టాండర్డ్ కండిషన్లేనండీ, పెట్టేయండి సంతకం" అంటాడు సెక్షన్ గుమస్తా. అతను అబద్ధం చెప్పడం లేదు. తన దగ్గర చదివే తీరిక కూడా లేదు, అంతే.

ఏళ్ల తరబడి ఆ బల్లకు అవతల కూర్చుని ఆ కాగితాలు తయారుచేసిన వాణ్ణి నేను. రిటైరయ్యాక తెలిసినవాళ్ల టెండర్ పత్రాలు చదివిపెడుతున్నాను. రెండు వైపులా కూర్చున్నాక అర్థమైంది ఏమిటంటే, అచ్చులో ఉన్న షరతు కొంప ముంచడం తక్కువ. ముంచేది ఆ షరతుకు ఎదురుగా ఖాళీగా వదిలేసిన గడి. లేకపోతే పాత ఫైల్లోంచి లాక్కొచ్చి వెనకాల అతికించిన పేజీ.

కేంద్ర ప్రజాపనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) జనరల్ కండిషన్స్, అంటే సాధారణ షరతుల పుస్తకమే తీసుకోండి. పుస్తకం అందరికీ ఒకటే. చివర్లో షెడ్యూళ్లుంటాయి. వాటిలో 'ఎఫ్' షెడ్యూలులో ఒక్కో క్లాజుకు ఎదురుగా ఆ పనికి సంబంధించిన వివరం నింపాలి. ధరలు పెరిగితే తేడా చెల్లించే 10సీసీ క్లాజు ఎన్ని నెలలు మించిన పనికి వర్తిస్తుందో అక్కడే రాస్తారు. డీవియేషన్ (ఒప్పుకున్న పరిమాణంలో తేడా) పరిమితి ఎంత శాతమో, ఈఓటీ (గడువు పొడిగింపు) ఇచ్చే అధికారి ఎవరో కూడా అక్కడే. అంటే పుస్తకం మొత్తం చదివి ఎఫ్ షెడ్యూలు చూడకపోతే, కుండలో నీళ్లున్నాయో లేదో చూడకుండా మూత మెచ్చుకున్నట్టే.

ఒక పత్రంలో ధరల తేడా క్లాజు ఎదురుగా "వర్తిస్తుంది / వర్తించదు" అని రెండూ అలాగే ఉన్నాయి. వర్తించనిది కొట్టేయాలి. ఎవరూ కొట్టేయలేదు. పని సగంలో ఉండగా స్టీలు ధర పెరిగింది. ఆ గడిని ఎలా చదవాలన్న దాని మీద నడిచిన ఉత్తరాలు ఆ పని కొలతల పుస్తకం (ఎంబీ) కన్నా లావయ్యాయి. అర్థం రెండు రకాలుగా ఉంటే పత్రం రాసినవాడికి వ్యతిరేకంగా చదవాలన్న సూత్రం ఉంది నిజమే. కానీ ఆ సూత్రాన్ని నమ్ముకుంటే దాని ఫలం అందేది కోర్టులో, ఏళ్లు గడిచాక.

కాబట్టి టెండరు వేసేవాళ్లకు నా మొదటి మాట: అడగాల్సినదంతా టెండరు వేయకముందు జరిగే ప్రీబిడ్ మీటింగులోనే అడగండి, అదీ రాతపూర్వకంగా. ఎల్1, అంటే అందరికన్నా తక్కువ రేటు మీదే అని తేలాక షరతు మార్చమంటే ఎవరూ మార్చరు, మార్చకూడదు కూడా. షరతులు పెట్టి టెండరు వేస్తే పక్కన పడేస్తారు. మీ ప్రశ్నకు జవాబు కారిజెండంగా (టెండరుకు రాతపూర్వక సవరణగా) వస్తేనే లెక్క. "అది మేం చూసుకుంటాంలేండి" అని ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ) గారు మంచిమనసుతో అన్న మాట, ఆయన బదిలీ అయిన రోజున ఆయనతోపాటే వెళ్లిపోతుంది.

ఇక అతికించిన పేజీల సంగతి. ఇందులో తప్పు నాదే, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. ఓ మార్చిలో హాస్టలు భవనం టెండరుకు స్పెషల్ కండిషన్లు (ఆ ఒక్క పనికే రాసే షరతులు) కావాల్సి వచ్చి, అంతకుముందు చేసిన వంతెన ఫైల్లోంచి కాపీ కొట్టాను. "వరద తగ్గిన కాలంలోనే పునాది పని చేపట్టాలి" అన్న వాక్యం కూడా దాంతోపాటే వచ్చేసింది. చుట్టుపక్కల వాగు కూడా లేని చోట. కాంట్రాక్టరు తెలివైనవాడు, వానాకాలమంతా పునాది ఆపి, ఆ వాక్యాన్నే చూపించి గడువు అడిగాడు. నవ్వుకున్నాం గానీ, కాదనలేకపోయాం. పత్రంలో ఒక మాట ఇంకో మాటతో పొసగకపోతే, సీపీడబ్ల్యూడీ షరతుల్లో పనుల జాబితాలోని ఐటెం వివరణ తర్వాతి స్థానం స్పెషల్ కండిషన్లదే. డ్రాయింగులు వాటి కిందికే వస్తాయి. ఆ ప్రాధాన్య క్రమం చూశాకే ఒక్క లైనైనా అతికించండి. కాపీ చేసిన పేజీని ఆ పని ఊసే తెలియని మనిషికిచ్చి గట్టిగా చదివించండి. అతను ఎక్కడ ఆగి "ఇదేంటి?" అంటాడో అక్కడ కత్తెర వేయండి.

మన రెండు రాష్ట్రాల్లో పని చేసేవాళ్లు ప్రత్యేకంగా చూడాల్సింది ఇంకొకటుంది. ఏపీ స్టాండర్డ్ స్పెసిఫికేషన్ల ప్రిలిమినరీ షరతుల్లో 59వ క్లాజు. ఆలస్యాలు, ఆటంకాల వల్ల నష్టపరిహారం అడగకూడదని దాని సారం. భూమి అప్పగించడం ఆలస్యమైనా గడువు పెరుగుతుంది గానీ, మిషనరీ ఊరికే నిలిచిపోయిన ఖర్చు రాదు. ఇది చదివి "అన్యాయం" అని కూర్చోకుండా, రేటు వేసేటప్పుడే దీన్ని లెక్కలోకి తీసుకోండి. భూసేకరణ పూర్తికాని కాలువ పనికి తక్కువ రేటు వేసి, తర్వాత 59ని తిట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

ఆలస్యం విషయంలో తారీఖులే ప్రాణం. సీపీడబ్ల్యూడీ 5వ క్లాజు ప్రకారం ఆటంకం వచ్చిన 14 రోజుల్లో గడువు కోసం నిర్ణీత ఫారంలో అడగాలి. ఎక్స్‌ట్రా ఐటెం (ఒప్పందంలో లేని అదనపు పని) అయితే 12వ క్లాజు కింద 15 రోజుల్లో రేటు అనాలిసిస్, అంటే ఆ రేటు ఎలా వచ్చిందో లెక్క ఇవ్వాలి. హిండ్రెన్స్ (ఆటంకాల) రిజిస్టరులో ఆ రోజుకారోజు నమోదు చేయించి, రెండు పక్షాల సంతకాలు పెట్టించండి. పని చివర్లో కూర్చుని ఏడాది కిందటి వానలు రాస్తే, ఆ సిరా రంగే చెప్పేస్తుంది.

గడువు దాటితే కోత ఎంతో కూడా తెలుసుకోండి. సీపీడబ్ల్యూడీ 2వ క్లాజులో నెలకు 1 శాతం చొప్పున రోజువారీ లెక్క, మొత్తమ్మీద టెండరు విలువలో 10 శాతం మించదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం పత్రంలో రాసిన మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే, అంతకు లోబడి సహేతుకమైన పరిహారమే రావాలి. 2015లో కైలాష్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని మళ్లీ వివరంగా చెప్పింది. ఆలస్యానికి ఎవరు కారణమన్నది డిపార్టుమెంటు ఒక్కటే తేల్చేసే విషయం కాదని 2011లో జేజీ ఇంజినీర్స్ కేసులో కూడా అదే కోర్టు అంది. కోత పడగానే తల పట్టుకోకుండా ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

ఆఫీసు వైపు నుంచి ఇందులో ఒక గొయ్యి ఉంది. గడువు పొడిగిస్తూ ఇచ్చే ఉత్తరంలో "పరిహారం వసూలు చేసే హక్కు వదులుకోకుండా" అన్న మాట మర్చిపోతారు. కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ ప్రకారం ఆలస్యమైన పనిని ఒప్పుకునేటప్పుడు ఆ ఉద్దేశం తెలియజేయకపోతే తర్వాత పరిహారం అడగడం కష్టం. నాలుగు మాటలే. ఆడిట్ అభ్యంతరం అంతా వాటి మీదే నడుస్తుంది.

పన్నుల గడి కూడా చూడండి. 2022 జూలై 18 నుంచి చాలా ప్రభుత్వ వర్క్స్ కాంట్రాక్టుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 18కి పెరిగింది. మీ రేటులో పన్ను కలిసి ఉందా, పన్ను మారితే తేడా ఎవరు భరిస్తారు అన్నది స్పష్టంగా రాసి లేకపోతే ఆ 6 శాతం మీ జేబులోంచే.

బ్యాంకు గ్యారంటీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది షరతుల్లేని హామీ, అడిగితే బ్యాంకు ఇచ్చేస్తుంది. మోసం, కోలుకోలేని అన్యాయం లాంటి అరుదైన కారణాలు తప్ప కోర్టు ఆపదు. గడువు పొడిగించుకున్న ప్రతిసారీ గ్యారంటీ గడువూ పొడిగించుకోండి. చివరి రోజు వరకూ ఆగితే, ఆఫీసు దాన్ని నగదు చేసుకోవడం తప్ప వేరే దారి చూడదు.

వివాదాల క్లాజు ఏళ్లుగా మారుతూ వస్తోంది. పాత పత్రాల్లో "ఆర్బిట్రేటరును (కోర్టు బయట తీర్పు చెప్పే మధ్యవర్తిని) చీఫ్ ఇంజినీరే నియమిస్తారు" అని ఉండేది. ఒక పక్షమే ఏకపక్షంగా నియమించుకోవడం సమానత్వానికి విరుద్ధమని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అంతకుముందు 2024 జూన్ 3న కేంద్ర ఆర్థికశాఖ, ఆర్బిట్రేషన్ క్లాజును అలవాటుగా పెట్టొద్దని, పెడితే మామూలుగా 10 కోట్ల రూపాయల లోపు వివాదాలకే పరిమితం చేయాలని సూచించింది. కాబట్టి రాసేవాళ్లు పాత మూసను తిరగరాయండి, సంతకం పెట్టేవాళ్లు ఏ దారి ఉందో తెలుసుకుని పెట్టండి.

అగ్రిమెంటు మీద ఎవరు సంతకం చేస్తున్నారో చూడటం చిన్న విషయంలా అనిపిస్తుంది. రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం ఒప్పందం రాష్ట్రపతి లేదా గవర్నరు పేరిట ఉండాలి, వారి తరఫున అధికారం ఉన్నవారే సంతకం చేయాలి. అగ్రిమెంటు కాకుండా "ముందు పని మొదలెట్టండి, కాగితాలు తర్వాత" అంటే మొదలెట్టకండి. చేసిన పనికి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ కింద ఏదో కొంత రాబట్టుకోవచ్చు గానీ, అది ఒప్పందం రేటూ కాదు, ఒప్పందం దారీ కాదు.

చివరగా మార్చి నెలాఖరు బిల్లు. చెక్కు కావాలంటే "ఇక ఎలాంటి క్లెయిములూ లేవు" అన్న కాగితం మీద సంతకం పెట్టమంటారు. పిల్లల ఫీజులు, కూలీల బకాయిలు గుర్తొచ్చి పెట్టేస్తారు. బలవంతంగా తీసుకున్న నో క్లెయిమ్ చెల్లదని 2008లో బొఘారా పాలిఫ్యాబ్ కేసులో సుప్రీంకోర్టులో తేలింది, కానీ బలవంతం జరిగిందని మీరే రుజువు చేయాలి. వీలైతే బిల్లు మీదే "అభ్యంతరంతో" అని రాయండి. ఒప్పుకోకపోతే అదే రోజు ఏమేం బాకీలున్నాయో రాసి ఉత్తరం ఇచ్చి, తపాల్ సెక్షన్‌లో ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ఆ ముద్ర పడిన కాపీ అగ్రిమెంటు ఫైల్లోనే పెట్టుకోండి. చెక్కు చేతికొచ్చి, మూడు నెలలయ్యాక ఏప్రిల్ తారీఖు వేసి రాసే ఉత్తరాలు నేను బోలెడు చూశాను. వాటి మీద ఇన్‌వర్డ్ ముద్ర జూలైలో ఉంటుంది.