ఒకటి, రెండు తరగతుల పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పించడం ఎలా?

తెలుగు నేర్పడమంటే మనలో చాలామందికి తెలిసిన వరుస ఒకటే. ముందు అ నుంచి ఱ దాకా దిద్దించాలి, తర్వాత గుణింతాలు బట్టీ పట్టించాలి, ఆపైన ఒత్తులు. ఇవన్నీ అయ్యాకే పదాలు. ఒక్కో హల్లుకి పన్నెండుకు పైగా గుణింత రూపాలున్నాయి. అన్నీ కలిపితే నాలుగు వందలు దాటుతాయి. ఇంత మోసిన తర్వాతే 'పలక' అనే మాట చదవనిస్తామంటే ఏ పిల్లకైనా విసుగే. అందుకే చక్కటి దస్తూరితో పేజీలకు పేజీలు చూచిరాత రాసే పిల్లలు కూడా, పుస్తకం తెరిచి ఒక వాక్యం చదవమంటే బిక్కమొహం వేస్తారు. చూచిరాత చేతికి పని చెబుతుంది కానీ దానితో చదువు రాదు. నాలుగైదు అక్షరాలు వచ్చిన రోజునే పదం చదివించాలి, పదం వచ్చిన వారంలోనే వాక్యం చదివించాలి. కింది పద్ధతి అంతా దీని మీదే నడుస్తుంది.

1. ముందు ఎక్కడున్నారో చూడండి

పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చిందో చూసే 'అసర్' సర్వేలో ప్రథమ్ సంస్థ 2005 నుంచి వాడుతున్న పరీక్ష చాలా సులువు. ఒక కాగితం మీద విడి అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. పిల్లలు ఎక్కడిదాకా తడబడకుండా చదివితే అది వాళ్ల స్థాయి. ఇంట్లో మీరే అలాంటిది తయారు చేసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: పాఠ్యపుస్తకంలోని పేరా మాత్రం పెట్టకండి. చాలామంది పిల్లలకు పాఠాలు నోటికి వచ్చేసి ఉంటాయి. పేజీ వైపు చూస్తూ అప్పజెప్పేస్తారు, మనం చదువుతున్నారనుకుంటాం. అనుమానం వస్తే వాక్యం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడగండి, తెలిసిపోతుంది.

2. చెవితో మొదలుపెట్టండి

పలక పట్టకముందు ఒకట్రెండు వారాలు నోటి ఆటలు ఆడించండి. 'గడప' అని, గ-డ-ప అంటూ మూడు చప్పట్లు కొట్టాలి. 'తలగడ'కి ఎన్ని చప్పట్లు? 'త'తో మొదలయ్యే మాటలు చెప్పు, 'డు'తో అయిపోయేవి చెప్పు. తర్వాత మెడ–మేడ, పడు–పాడు, గడి–గడ్డి లాంటి జంటలు పలికి, ఏది సాగింది, ఏది ఒత్తి పలికాం అని అడగండి. దీర్ఘాల తప్పులు, ఒత్తుల తప్పులు చాలావరకు చేతివి కావు, చెవివి. తేడా వినపడని పిల్ల రాతలో ఎలా చూపిస్తుంది?

3. ఆరు అక్షరాలు చాలు

ప, ల, క, డ, త, గ. ఈ ఆరింటితో ఎన్ని మాటలు వస్తాయో చూడండి: పలక, తల, కల, పడక, పడగ, గడప, కలప, తలగడ, గలగల, పకపక. అట్టముక్కల మీద ఒక్కో అక్షరం రాసి, నేల మీద పేర్చి చదివించండి. పిల్లలు తమంతట తామే కొత్తవి పేరుస్తారు. అర్థం లేని మాట వచ్చినా చదవనివ్వండి, దానికి నవ్వుకుంటారు కూడా.

'వ' ఎందుకు లేదంటారా? ప, వ రెండూ ఒకేసారి చెబితే కలగాపులగం అవుతాయి. 'వ'లో తలకట్టు అక్షరానికి అంటుకుని ఉంటుంది, 'ప'లో విడిగా ఉంటుంది. ఆరేళ్ల కంటికి అది చాలా చిన్న తేడా. మ–య, బ–భ, డ–ఢ, న–స కూడా ఇలాంటివే. ఒకటి బాగా కుదిరాకే రెండోది చెప్పండి. రెండూ వచ్చాక పక్కపక్కన రాసి, తేడా ఎక్కడుందో పిల్లలనే వేలుతో చూపించమనండి.

4. గుణింతాన్ని అడ్డంగా కాదు, గుర్తు గుర్తుగా

'క, కా, కి, కీ' అని ఒక హల్లుకి అన్ని గుణింతాలూ ఒకేసారి చెప్పకుండా, ఒక్క దీర్ఘం తీసుకుని తెలిసిన అక్షరాలన్నిటికీ తగిలించండి: పా, లా, కా, డా, తా, గా. వెంటనే తాత, పాప చదివేస్తారు. ఆ తర్వాత గుడి కంటే ముందు కొమ్ము చెప్పమంటాను. తెలుగు మాటలు ఎన్నో 'ఉ'తోనే అయిపోతాయి. కొమ్ము రాగానే పాలు, కాలు, తాడు వస్తాయి. 'తాత పాలు తాగాడు' అని పూర్తి వాక్యమూ వస్తుంది. అదే ఆరు అక్షరాలు, రెండు గుర్తులు, అంతే! పిల్లలు మొదటిసారి వాక్యం చదివిన రోజు ఇంట్లో అందరికీ వినిపించమనండి, తాతయ్యకి ఫోన్ చేయించండి.

'కకి దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి' అనే పాత పాట రాసేటప్పుడు పనికొస్తుంది. చదివేటప్పుడు మాత్రం అడ్డం పడుతుంది. 'కాకి' చూసి ఆ పాటంతా లోపల పాడుకునే పిల్ల రెండో అక్షరానికి వచ్చేసరికి మొదటిది మరిచిపోతుంది. చూడగానే 'కా' అనాలి.

లెక్కలో ఇమడని గుణింతాలను విడిగా పెట్టుకోండి. పు, వులలో కొమ్ము చోటు వేరు. హా, మొ, యొ, ఘొల తీరు వేరు. 'వు', 'మ' దగ్గరదగ్గరగా కనిపిస్తాయి కాబట్టి వాటికి ఒక రోజు కేటాయించినా నష్టం లేదు. జ, ట, ణ, బ, ల, ఖ లాంటి వాటికి తలకట్టే ఉండదని కూడా చెప్పాలి, లేకపోతే 'ల' నెత్తిన టిక్కు పెట్టేస్తారు.

5. ఒత్తులకు తొందరపడకండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. అదే అక్షరానికి అదే ఒత్తు ఉన్న మాటలతో మొదలుపెట్టండి. అమ్మ, అక్క, అన్న, అత్త, అవ్వ రోజూ నోట్లో నలిగే మాటలే. డ, ద, ప, బ ఒత్తులు అక్షరం పోలికలోనే ఉంటాయి కాబట్టి సులువు. త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలికే కనబడదు. ఈ ఆరింటికీ కార్డులు చేసి గోడకి అంటించండి.

వేరే ఒత్తులు వచ్చేచోట పిల్లలు 'పుస్తకం'ని 'పుత్సకం' అని రాస్తారు. అది బద్ధకం కాదు, ఏది పైన రాయాలి, ఏది కింద రాయాలి అన్న తికమక. 'పుస్...తకం' అని ఆగి పలికించండి. ముందు వినబడింది పైన, తర్వాత వినబడింది కింద. ఆ ఒక్క సూత్రం పట్టుబడితే చాలా తప్పులు వాటంతట అవే పోతాయి.

6. రాత

అక్షరాభ్యాసానికి బాసర వెళ్లినా, ఇంట్లోనే చేసినా, పళ్లెంలో బియ్యం పోసి వేలుతో దిద్దించడం మంచి పద్ధతి. ఆ ఒక్కరోజుతో ఆపకండి. ఇసుక, బియ్యం, పలక, ఆ తర్వాతే నోట్‌బుక్. చిన్న వేళ్లకు పెన్సిల్ బరువే. అక్షరం ఎక్కడ మొదలవుతుందో, చేయి ఎటు తిరుగుతుందో మీరు రాసి చూపిస్తూ నోటితో చెప్పండి. పది సార్లు రాయించడం కంటే మూడుసార్లు పలుకుతూ రాయించి, బాగా వచ్చినదానికి సున్న చుట్టమనడం మేలు.

7. తప్పులు దిద్దడం

రోజుకి ఐదు మాటల డిక్టేషన్ చాలు. దిద్దేటప్పుడు ఎర్ర పెన్నుతో పేజీ నింపకుండా, ఈ వారం ఏ రకం తప్పు చూస్తున్నారో దాన్నే చూడండి: ఒక వారం దీర్ఘాలు, ఒక వారం ఒత్తులు. ల–ళ, న–ణ, శ–ష–స లాంటివి చెవికి పూర్తిగా దొరకవు, అలవాటుగా చూసి గుర్తుపెట్టుకోవాల్సిందే. 'బాధ'ని 'భాద' అని రాసే పెద్దవాళ్లు ఫేస్‌బుక్ నిండా ఉన్నారు, ఏడేళ్ల పిల్లాడి మీద దానికోసం కేకలెందుకు?

ఇంకొకటి, ఇంట్లో 'వచ్చిండు' అనే పిల్లాడు అలాగే రాస్తే అది స్పెల్లింగ్ తప్పు కాదు, విన్నది సరిగ్గా రాశాడని అర్థం. 'పుస్తకంలో వచ్చాడు అని ఉంటుంది' అని పక్కన చూపించండి, కొట్టేయకండి.

8. సొంత మాటలు, సొంత పుస్తకాలు

రోజూ రాత్రి పిల్లలు ఒక వాక్యం చెప్పాలి, మీరు వాళ్ల మాటల్లోనే రాయాలి, పొద్దున వాళ్లు చదవాలి. 'కుక్క నా చెప్పు ఎత్తుకుపోయింది' అని తను చెప్పిన మాటే కాబట్టి, ఒత్తులు రాకపోయినా ఊహించి లాగించేస్తుంది. నెల తర్వాత ఆ కాగితాలు కుడితే ఒక పుస్తకం. సరుకుల చీటీ రాయించండి, డబ్బాల మీద పేర్లు అంటించమనండి. స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు స్థాయుల వారీగా ఉచితంగా దొరుకుతాయి. అచ్చు పుస్తకాలు కావాలంటే సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లవి చూడండి. అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి తెలుగు వినడమే తక్కువైన పిల్లలకు, అక్షరాల కంటే ముందు ఈ కథలు గట్టిగా చదివి వినిపించడమే అసలు పని. తెలియని మాటను చదివినా అర్థం కాదు కదా.

వేగం గురించి టెన్షన్ వద్దు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు బాగా రావాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 పదాలు అని ఉంటుంది. కానీ మన 'చదువుకుంటున్నాడు' ఒక్కటే ఇంగ్లిష్‌లో మూడు మాటలు. ఆ లెక్కని గడియారం పెట్టుకుని తెలుగుకి యథాతథంగా వాడకండి. ఆగి ఆగి చదవడం తగ్గిందా, చదివింది తన మాటల్లో చెప్పగలుగుతోందా అన్నవే చూడండి.

రోజుకి ఇరవై నిమిషాలు, వారానికి ఐదు రోజులు సరిపోతుంది. మూడో తరగతికి వచ్చాక కూడా అక్షరాలు తారుమారవుతూ, చదవమంటే తప్పించుకుంటుంటే ముందు కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించండి. అవి బాగుంటే డిస్‌లెక్సియా (తెలివితేటలు బాగున్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉందేమోనని టీచర్‌తో మాట్లాడి, పిల్లల సైకాలజిస్టుకి చూపించండి.