యూవీ ఇచ్చినా రాడ్30 మ్యూటెంట్ చావడం లేదా?

సమస్య: ఈస్ట్‌లో రాడ్30 జీన్ తీసేశారు, అంటే పాల్ ఈటా లేదు. యూవీకి అతుక్కుపోయిన రెండు థైమిన్‌ల (డీఎన్ఏ అక్షరాల్లో ఒకటి) ఎదురుగా వాటి జోడీ అయిన రెండు అడినిన్‌లు సరిగ్గా పెట్టి డీఎన్ఏ కాపీని ముందుకు నడిపించే పాలిమరేజ్, అంటే డీఎన్ఏని కాపీ చేసే ఎంజైమ్, అదే. అది లేనప్పుడు కణాలు ఎక్కువ చావాలి. మీ ప్లేట్‌లో మాత్రం వైల్డ్ టైప్ (జీన్ తీయని మామూలు ఈస్ట్) పక్కనే దర్జాగా పెరుగుతోంది. బెంగళూరు ల్యాబుల్లో ఉన్న మన తెలుగు పిల్లలు "అన్నా, జీన్ నిజంగా పోయిందంటావా?" అంటూ ఈ ఫొటోనే పంపుతుంటారు.

జీన్ సంగతి తర్వాత. మూత తీసి యూవీ ఇచ్చారా? నవ్వకండి, పెట్రీ ప్లేట్ ప్లాస్టిక్ 254 నానోమీటర్ల యూవీ వెలుగును లోపలికి రానివ్వదు. లాంప్‌ని కాసేపు వెలగనిచ్చి, మీటరుతో కొలిచారా? పాత లాంప్ నీలంగా వెలుగుతూనే ఉంటుంది, డోసు మాత్రం పడిపోతుంది. స్పాట్ (ప్లేట్ మీద పెట్టిన కణాల చుక్క) మరీ చిక్కగా ఉంటే పై కణాల నీడలో కిందివి బతికిపోతాయి.

అదే ప్లేట్ మీద రాడ్18 మ్యూటెంట్‌ని కూడా పెట్టండి, ఇది మాత్రం మానకండి. కాపీ జరిగేటప్పుడు పాలిమరేజ్‌ని డీఎన్ఏకి పట్టి ఉంచే పీసీఎన్ఏ అనే ప్రొటీన్‌కి యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్ తగిలించి ఈ పాలిమరేజ్‌లను పిలిచేది రాడ్18 కాబట్టి అది లేని కణాలు యూవీకి గట్టిగా దెబ్బతింటాయి. అదీ హాయిగా పెరిగిందంటే తప్పు మీ జీన్‌ది కాదు.

మూత, లాంప్, డోసు అన్నీ సరిగ్గానే ఉండి కూడా రాడ్18 పెరిగిందా? అయితే దొంగ వెలుతురే. ఈస్ట్‌లో ఫోటోలైయేజ్ అనే ఎంజైమ్ ఉంది, నీలి వెలుతురు తగిలితే చాలు, అతుక్కున్న థైమిన్‌లను విడదీసేస్తుంది. దెబ్బే మిగలనప్పుడు దాన్ని దాటే పాలిమరేజ్ ఉన్నా లేకపోయినా ఒకటే కదా! 1940లలో యూవీ దెబ్బల మీద పనిచేసిన శాస్త్రవేత్త ఆల్బర్ట్ కెల్నర్ కూడా ఫలితాలు నిలకడగా రాకపోతే ముందు ఉష్ణోగ్రతను అనుమానించాడు, చివరికి తేలింది వెలుతురని. బెంగళూరు మబ్బుల్లో ఎండ ఎక్కడిదిలే అనుకోకండి, ప్లేట్లు కిటికీ దగ్గర పెట్టి టీకి వెళ్తే ఆ వెలుతురే చాలు, ట్యూబ్‌లైట్ కూడా తక్కువేం కాదు. పైగా దొంతిలో పై ప్లేటుకి ఒక ఫలితం, అడుగుదానికి ఇంకొకటి వచ్చి టెన్షన్ పెడతాయి.

తేల్చుకోవాలంటే ఒకే డోసు ఇచ్చిన రెండు ప్లేట్లలో ఒకదాన్ని వెంటనే ఫాయిల్‌లో చుట్టండి, రెండోదాన్ని గంటసేపు వెలుతురులో ఉంచి అప్పుడు చుట్టండి. వెలుతురు చూసినదాంట్లో కాలనీలు ఎక్కువ వస్తే దొంగ దొరికినట్టే. ఇక నుంచి యూవీ ఇచ్చే ముందే ట్యూబ్‌లైట్లు ఆపి, ఎర్ర లైట్‌లో పని చేసి, ఫాయిల్ చుట్టి 30 డిగ్రీల దగ్గర చీకట్లో పెట్టండి. మొలిచాయా లేదా అని మర్నాడే విప్పి చూడొద్దు.

రాడ్18 చచ్చి, రాడ్30 మాత్రం కొంచెమే తగ్గిందా? అది మామూలే, ఎక్సిషన్ రిపేర్ (దెబ్బతిన్న ముక్కను కత్తిరించి కొత్తది అతికే మరమ్మతు) చాలా దెబ్బల్ని ముందే తీసేస్తుంది. తేడా పెద్దగా కనపడాలంటే ఆ రిపేర్‌కి కావలసిన రాడ్14 జీన్ కూడా తీసేసిన స్ట్రెయిన్‌లో చేసి, డోసు బాగా తగ్గించండి.

మనుషుల కణాలతో చేసేవాళ్లకి ఈ వెలుతురు గొడవ లేదు, మనకి ఫోటోలైయేజ్ లేదు. ఎక్స్‌పీ వేరియంట్ (పాల్ ఈటా లేని రోగుల) కణాల్లో తేడా తేలకపోతే మీడియంలో కెఫీన్ కలపండి, దాంతో అవి యూవీకి ఇంకా ఎక్కువ దెబ్బతింటాయి; ఫిల్టర్ కాఫీ కాదు. స్ట్రెయిన్లు తారుమారయ్యాయని అనుమానముంటే ఒక పీసీఆర్‌తో (జీన్ ఉందో లేదో చూసే పరీక్ష) తేలిపోతుంది.