రాత్రి రైలెక్కితే ఒక ట్రావెల్ డే మిగులుతుంది

ఫ్రెండ్స్‌తో యూరైల్ పాస్ (యూరప్ దేశాల్లో రైళ్లెక్కి తిరగడానికి ఒకే పాస్, దాన్ని ఇన్ని రోజులని లెక్కపెట్టి వాడుకోవచ్చు) మీద యూరప్ తిరగబోతున్నారా? దూరప్రయాణాలు రాత్రి రైలుకే పెట్టుకోండి. వియన్నాలో సాయంత్రం ఎక్కితే మర్నాడు పొద్దున రోమ్‌లో దిగుతారు. అర్ధరాత్రి దాటినా పాస్‌లో ట్రావెల్ డేగా, అంటే రైలెక్కడానికి వాడుకున్న రోజుగా, పోయేది ఎక్కిన తేదీ ఒక్కటే, మధ్యలో రైలు మారకుండా ఉంటే చాలు. ఆ రాత్రికి హాస్టల్ ఖర్చూ ఉండదు. బెర్త్ రిజర్వేషన్‌కి మాత్రం విడిగా కట్టాలి, అందరికీ ఒకే కూపే దొరికేలా ముందే చేసుకోండి.

ఇంకో మాట. ఈ రైళ్లలో కొన్ని దారిలో విడిపోయి వేర్వేరు ఊళ్లకి వెళ్తాయి. ఎక్కేముందు తలుపు దగ్గర బోగీ నంబరు, చేరే ఊరి పేరు రెండూ చూడండి. మావాడొకడు ఎదురుగా కనిపించిన బోగీలో సర్దుకుని కూర్చున్నాడు. బండి కదలకముందే చూశాం కాబట్టి టెన్షన్ తప్పింది.