ఎనిమిదింటి హోంవర్క్ మానేశాం

మాది తిరుపతి బైరాగిపట్టెడ. బాబు నాలుగు, పాప రెండో తరగతి. ఆయనకు కొండ మీద షిఫ్ట్ డ్యూటీ. నేను వంట, గిన్నెలు ముగించి ఎనిమిదింటికి పుస్తకాలు తీయించేదాన్ని. పాప 'నిద్రొస్తాందిమా' అంటూ పెన్సిల్ పట్టుకునే తూగేది. నేను అరవడం, అది ఏడవడం, అవతల అత్తమ్మ సీరియల్ సౌండ్ పెంచడం.

ఇప్పుడు బడి నుంచి రాగానే బొరుగులు తిని, ఆరింటి దాకా వీధిలో ఆట. ఆరుకు వంటింటి గడప దగ్గర చాప. నేను సంగటి కెలుకుతూ వింటాను, వాళ్లు రాస్తారు. లెక్కలు ముందు, చూచిరాత చివర. పాపకు 15 నిమిషాలు, వాడికి అరగంట. అలారం మోగితే మిగిలింది మిగిలినట్టే మూసేయాలి. దీనికి అలవాటు పడటానికి పిల్లల కంటే నాకే ఎక్కువ రోజులు పట్టింది.

టీచర్ ఏమంటారో అని టెన్షన్. 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంటుంది, మూడు నుంచి ఐదు వరకు వారానికి 2 గంటలు మించొద్దంటుంది. అది పట్టుకుని వాదించలేదు. 'నిద్రపోయింది మేడం, రేపు రాస్తుంది' అని డైరీలో రాసి పంపా. సంతకం పెట్టి పంపారు, అంతే.

నైట్ డ్యూటీ వారంలో ఎక్కాలు ఆయన వంతు, పొద్దున స్కూటర్ మీద బడికి తీసుకుపోతూ. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులు మాత్రం ఏ టైమ్‌టేబులూ నిలవదు. చుట్టాలంతా మా ఇంట్లోనే!