రబ్బరు ఎర చిరగకుండా చిన్న రింగు

బాస్ చేపల కోసం మెత్తటి ప్లాస్టిక్ వానపామును నడుము దగ్గర గాలానికి గుచ్చి వేస్తాం కదా, అదే వ్యాకీ రిగ్. ఒకట్రెండు చేపలు పడగానే గుచ్చినచోట చిరిగి ఎర రెండు ముక్కలవుతుంది. గట్టిగా విసిరితే ఎర ఒక్కటే ఎగిరిపోతుంది.

ఇప్పుడు నేను ఎరకు గుచ్చడమే మానేశాను. 5 అంగుళాల వానపాముకి దాని లావుకన్నా కాస్త చిన్న ఓ-రింగు (గుండ్రటి రబ్బరు రింగు) ఒకటి చాలు. ఎర దూరేంత లావు మార్కర్ పెన్ను గొట్టం తీసుకుని రెండు చివర్లూ కోయండి. రింగును గొట్టం మీదికి ఎక్కించి, వానపామును సగం దాకా లోపలికి దూర్చి, రింగును మెల్లగా ఎర మీదికి జార్చండి. గాలం మొనను రింగుకీ ఎరకీ మధ్యలోంచి పోనివ్వాలి. పట్టుకుని చూస్తే రెండు చివర్లూ సమానంగా వేలాడాలి. లేదంటే ఎర నీళ్లలో ఒకవైపు ఒరిగి దిగుతుంది, బాస్‌ని లాగే ఆ వణుకు పోతుంది. చేప పడ్డాక రింగు జరిగితే మళ్లీ నడుముకి తెచ్చుకుంటే సరి.

రింగు మరీ బిగువైతే అదే ఎరను కోసేస్తుంది. నాచు, మునిగిన కొమ్మలు దట్టంగా ఉన్నచోట మాత్రం ఇది వద్దు. మొన బయటికే ఉంటుంది కాబట్టి ప్రతిసారీ చిక్కుకుంటుంది. అక్కడ మొనను ఎరలో దాచే టెక్సాస్ రిగ్గే నయం.