రొయ్యల కంటైనర్ లోడింగ్‌కు ముందు జాగ్రత్తలు

విశాఖ నుంచి అమెరికాకు ఫ్రోజెన్ రొయ్యలు పంపేముందు ఇవి చూసుకోండి.

• రీఫర్ (శీతల) కంటైనర్ సరుకును గడ్డకట్టించదు, ఉన్న చలిని కాపాడుతుంది, అంతే. కోల్డ్ స్టోరేజీలోనే మైనస్ 18 డిగ్రీలకు చేరాలి. పైపెట్టె చూసి సరిపెట్టుకోవద్దు. మధ్యలోది విప్పి, గడ్డకట్టిన రొయ్యల బ్లాకుకు డ్రిల్‌తో చిన్న రంధ్రం వేసి థర్మామీటర్ దించండి.

• కంటైనర్ ఉష్ణోగ్రత సెట్టింగ్‌లో, బుకింగ్ కాగితంలో మైనస్ గుర్తు ఉందా? ఆ చిన్న గీత మరిచిపోతే సరుకంతా గోవిందా.

• కంటైనర్ గాలి వెంట్లు (బయటి గాలి లోపలికొచ్చే రంధ్రాలు) మూసెయ్యాలి.

• కార్టన్లు లోపలి ఎర్రగీత దాటితే చల్లగాలి తిరగదు.

• తలుపులు తీసి లోడ్ చేస్తున్నంతసేపూ కంటైనర్ కూలింగ్ మెషీన్ ఆపండి. లేదంటే బయటి తేమకు దాని కాయిల్‌పై (చల్లబరిచే గొట్టాలపై) మంచు పేరుకుంటుంది. మన తీరం ఉక్కపోత సంగతి తెలిసిందేగా!

• పోర్టు దాకా ట్రైలర్‌కు జెన్‌సెట్ (కంటైనర్‌కు కరెంటిచ్చే జనరేటర్), అందులో చాలినంత డీజిల్ ఉండాలి. కంటైనర్ తలుపుకు వేసిన సీల్ నంబరు ఫొటో తీసుకోండి.