ముందు మోకాళ్ళు వంచండి

వీధి ఫొటోగ్రఫీ మొదలుపెట్టేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది ఏ లెన్స్ కొనాలని. రోడ్డు పక్కన బతికే మనిషినో, ఒంట్లో బాగోలేని మనిషినో, చేయి చాచిన మనిషినో తీయాలంటే లెన్స్ సంగతి తర్వాత, ముందు కూర్చోవడం నేర్చుకోండి. నేల మీద కూర్చున్నాయన్ని మీరు నిలబడి తీస్తే కెమెరా ఆయన నడినెత్తిని చూస్తుంది. తల పెద్దదై కాళ్ళు కుంచించుకుపోతాయి, వెనకాల నేల తప్ప ఇంకేం పడదు. ఆయన చుట్టూ లోకమే లేనట్టుంటుంది. మీరూ కింద కూర్చుని లెన్స్‌ని ఆయన కళ్ళ ఎత్తుకు తెచ్చారనుకోండి, ఆయన వెనకాల వీధి మొత్తం ఫ్రేములోకి వస్తుంది. మీ మనసులో జాలి ఎంతైనా ఉండొచ్చు, పైనుంచి తీసింది పైనుంచి తీసినట్టే ఉంటుంది.

ఇక దూరం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో (సెన్సర్ పాత 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమంత ఉండేది) దూరాన్ని దగ్గరకు లాగే 200 ఎంఎం లెన్స్‌తో 12 మీటర్ల నుంచి తీసినా, వెడల్పుగా చూసే 35 ఎంఎంతో 2 మీటర్ల నుంచి తీసినా నిలువు ఫ్రేములో మనిషి ఇంచుమించు అదే సైజులో పడతాడు. కాకపోతే 12 మీటర్ల అవతల ఉన్న మీకు ఆయన వద్దని చెప్పలేడు. అసలు మీరున్నట్టే ఆయనకు తెలియదు. అందుకే నేను 35 వాడతాను. ఆయన మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే అది నాకు కనబడాలి.

ఏం తీయాలి? ఆ మనిషికి ఏం లేదో కాదు, ఆయన ఏం చేస్తున్నాడో తీయండి. ఒక పెద్దాయన అట్టపెట్టెలు విప్పి, చదును చేసి, కట్ట కడుతున్నాడు. మోకాలితో అంచు అదిమిపెట్టి, పురికొస ఒక కొస పంటితో పట్టి, రెండోది చుట్టి లాగి ముడేస్తున్నాడు. చెప్పు తెగి ఉంది. కొత్తగా కెమెరా పట్టినవాళ్ళ చూపు ఆ తెగిన చెప్పు దగ్గరే ఆగిపోతుంది. నేను పక్కన కూర్చుని, “కట్ట భలే బిగించారండీ, కడుతుండగా ఒక ఫొటో తీసుకోనా?” అన్నాను. “మొహం వద్దు, చేతులు తీసుకో బాబూ” అన్నాడు. చేతులే తీశాను. ఆయన మొహం కనబడి ఉంటే ఆ ముడిని ఎవరూ చూసేవారు కాదు.

అనుమతి అడిగేటప్పుడు సగం మాట మింగేయకండి. “ఫొటో తీసుకోనా” అనేది ఒక ప్రశ్న, “దీన్ని ఆన్‌లైన్‌లో పెడతాను, మీ వాళ్ళెవరైనా చూడొచ్చు, పర్లేదా” అనేది ఇంకో ప్రశ్న. తాము ఎలా బతుకుతున్నదీ ఇంట్లోవాళ్ళకు చెప్పనివాళ్ళు చాలామంది. మొదటిదానికి సరే అని, రెండోదానికి అడ్డంగా తలూపేవాళ్ళూ ఉంటారు. తీశాక తెర చూపించండి. తీసేయమంటే ఆయన ముందే తీసేయండి. పూర్తిగానండోయ్! చాలా ఫోన్లలో డిలీట్ చేసినది దాదాపు 30 రోజులు వేరే ఫోల్డర్‌లో ఉంటుంది, అక్కడా చెరపాలి. రెండు కార్డుల కెమెరా అయితే రెండో కార్డులో కాపీ మిగిలిపోవచ్చు, అదీ చూసుకోండి.

నిద్రపోతున్నవాళ్ళు, తాగి ఉన్నవాళ్ళు, ఏడుస్తున్నవాళ్ళు, మతి స్థిమితం లేనివాళ్ళు, పెద్దవాళ్ళు దగ్గర లేని పిల్లలు: వీళ్ళను తీయను. అడిగినా సరేననే స్థితిలో లేనివాళ్ళు వీళ్ళు. “చట్టం ఒప్పుకుంటుంది కదా, బహిరంగ స్థలమే కదా” అంటారు. చాలా దేశాల్లో ఒప్పుకుంటుంది, నిజమే. కానీ ఇల్లున్నవాడు తలుపేసుకుని పడుకుంటాడు. వీధిలో ఉండేవాడికి వేసుకోవడానికి తలుపే లేదు.

సెట్టింగుల గురించి రెండు మాటలు. వెనకాల గోడ తెల్లగా ఉంటే కెమెరా దాన్నే నమ్మి మొహాన్ని నల్లగా చేస్తుంది, మొహం మీద స్పాట్ మీటర్ (ఒక్క చోటి వెలుగునే కొలిచే సెట్టింగ్) పెట్టండి. మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి 1/15 సెకను షట్టర్‌తో తీస్తే దాటిపోయేవాళ్ళు చెదిరిపోతారు, కదలకుండా కూర్చున్నాయన స్పష్టంగా పడతాడు. ఎడిటింగ్‌లో గీతలను, గరుకుదనాన్ని కొట్టొచ్చినట్టు చూపే క్లారిటీ స్లైడర్ జోలికి పోకండి. దాన్ని లాగితే ముడతలు, మురికి రెట్టింపవుతాయి, మీ గొప్ప ఏమీ ఉండదు. పేదవాళ్ళ ఫొటో అనగానే బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చే అలవాటొకటి ఉంది, నాకు అస్సలు నచ్చదు. ఒకామె ఏరికోరి కట్టుకున్న ఎర్ర స్కార్ఫ్ ఆ దెబ్బకు బూడిదరంగైపోతుంది.

ఫొటో కింద రాసే రెండు ముక్కల దగ్గర చాలా జాగ్రత్త కావాలి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరోథియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోతకొచ్చిన కూలీల గుడారాల్లో ఒక తల్లిని తీసింది. ‘మైగ్రంట్ మదర్’ పేరుతో లోకమంతా తెలిసిన ఫొటో అది. ఆమె పేరు అడగలేదని లాంగ్ తానే తర్వాత రాసింది. ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని బయటపడేసరికి 1978 వచ్చింది. ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదని, తనకు దానివల్ల పైసా రాలేదని ఆమె అప్పుడు చెప్పింది. ఇంకో సంగతి: ఫ్రేము మూలన గుడారం కర్రను పట్టుకున్న బొటనవేలు అడ్డొస్తోందని తర్వాత నెగెటివ్ మీద దాన్ని చెరిపించారు. వేలి మీదకు పోయిన ధ్యాస పేరు మీదకు పోలేదు. కాబట్టి పేరు అడగండి. రాయొద్దంటే రాయకండి, మీకు మాత్రం తెలిసి ఉండాలి. “బిచ్చగాడు”, “అనాథ”, “దిక్కులేనివాడు” అని ఊహించి రాయకండి. కట్ట కడుతున్నాడంటే “కట్ట కడుతున్నాడు” అనే రాయండి.

ఆన్‌లైన్‌లో పెట్టడానికి తొందరపడకండి. ఇంకో అమెరికన్ ఫొటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 దాకా న్యూయార్క్ భూగర్భ రైళ్ళలో కోటు లోపల కెమెరా దాచుకుని ఎదురుగా కూర్చున్నవాళ్ళను తీశాడు. దాచి తీయడం నాకు మింగుడుపడదు, అయినా వాటిని పుస్తకంగా వేసింది 1966లో. మనం స్టేషన్ దిగకముందే పెట్టేస్తాం. కనీసం వారం ఆగండి. ఆ తర్వాత చూస్తే కొన్ని ఫొటోలు ఎందుకు తీశామో మనకే అర్థం కాదు, అవి పెట్టక్కర్లేదు.

పెట్టేముందు ఫైల్‌లోని జీపీఎస్ వివరాలు (ఎక్కడ తీశారో చెప్పేవి) తీసేయండి. వెనకాల బోర్డులు, వీధి పేర్లు కూడా చూసుకోండి. కొట్టే మనిషి నుంచి పారిపోయి వచ్చినవాళ్ళూ వీధిలో ఉంటారు. వాళ్ళు రోజూ ఎక్కడ పడుకుంటారో ఫొటో చెప్పకూడదు.

ఫైల్‌లో క్యాప్షన్ గడి ఒకటి ఉంటుంది, ఆ రోజే అందులో రాసిపెట్టుకోండి: “చూపించాను. చేతులకు సరే అన్నారు. ఆన్‌లైన్‌కు సరే. ప్రదర్శనకు అడగలేదు.” రెండేళ్ళ తర్వాత ఎవరో పోస్టర్‌కు ఫొటో కావాలంటే మీకు గుర్తుండదు, ఆ గడి చూసి జవాబివ్వండి.